అద్దం పల్గింది

షోరూం అద్దాల తలుపు కుడి రెక్క తుడవడం అయిపోయింది. హన్మండ్లు తడి పేపరును ఉండచుట్టి బకెట్లో వేసి, పొడి పేపరు మడత విప్పుకుంటూ ఎడమ రెక్క దగ్గరికి జరిగాడు. చెయ్యి అలవాటు చొప్పున పైకి లేచింది. పైనుంచి కిందికి దిగబోయి, గరుకుగా ఏదో తగిలి ఆగిపోయింది. ఎడమ వైపు అద్దం లేదు, ప్లైవుడ్ షీటు ఉంది. తొమ్మిది రోజులైంది, చెయ్యి ఇంకా మరిచిపోతూనే ఉంది.

అరచేతిలో చిన్న పేడు గుచ్చుకుంది. దాన్ని పంటితో పీకి ఉమ్మేశాడు. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు అప్పుడే నిద్ర లేస్తోంది. పసుపు బస్తాలతో ఒక ట్రాలీ ఆటో మార్కెట్ యార్డు వైపు పోయింది. దాని వెంట పచ్చి వాసన కొంతసేపు నిలబడి, టీ బండి పొగలో కలిసిపోయింది.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. పొడుగు మనిషే గానీ మెడ దగ్గర ముందుకు వంగి ఉంటాడు, ఎప్పుడూ తక్కువ ఎత్తు గుమ్మంలోంచి దూరుతున్నట్టు. కుడి చేతికి చిటికెన వేలు, దాని పక్క వేలు లేవు. మిగిలిన మూడింటితోనే ఏ పనైనా చేస్తాడు. చాయ్ గ్లాసులు నాలుగింటిని ఒక్క చేత్తో పట్టుకొస్తాడు. పొద్దున్నే షోరూం వాళ్లిచ్చిన డ్రెస్ చొక్కా తొడుక్కుని, బోధన్ నుంచి మొదటి బస్సు పట్టి వచ్చి టైల్స్ షోరూం షట్టరు ఎత్తుతాడు. ఊడుస్తాడు, తుడుస్తాడు, కొనేవాళ్ల ముందు టైల్స్ మోసి పరుస్తాడు, వాళ్లు వద్దంటే మళ్లీ మోసి పెడతాడు. నెలకొకసారి, అమావాస్య నాడు, దుకాణానికి దిష్టి తీసి కొబ్బరికాయ కొడతాడు. ఆరేళ్లుగా ఇదే పని.

ఆ కొబ్బరికాయను ఎప్పుడూ రోడ్డు మీద కొట్టేవాడు. పోయిన నెల మున్సిపాలిటీ వాళ్లు వచ్చి రోడ్డంతా చిప్పలు చేస్తున్నారని కోప్పడి పోయారు. అందుకని ఈ అమావాస్యకు పరమేశ్వర్ సేటు మెట్టు చూపించాడు. "ఈడ్నే కొట్టు. ఒక్క దెబ్బకు పల్గాలె. నాన్చితే దిష్టి పోదు" అన్నాడు. షోరూం మెట్టు నల్ల గ్రానైటు. తలుపుకు రెండు అడుగుల దూరం కూడా ఉండదు. హన్మండ్లు మెట్టును చూశాడు, అద్దాన్ని చూశాడు. సేటు చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉన్నాడు. కాయను మూడు సార్లు తిప్పి, చెయ్యెత్తి, ఒక్కటే దెబ్బ.

కాయ సరిగ్గానే పగిలింది. ఒక చిప్ప ముక్క, బొటనవేలంతది, ఎగిరి పోయి తలుపు అంచున తగిలింది. టిక్కుమని అంతే చప్పుడు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత అద్దమంతా తెల్లబడింది. నిలబడిన చోటే బస్తా మూతి విప్పినట్టు జలజలా కిందికి కారిపోయింది. ఎక్కడా ఒక పెద్ద పెంకు కూడా లేదు. అన్నీ గింజలే. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్‌లో పుట్టిన వాడికి అది చక్కెర కుప్పలాగే కనబడింది. సేటు కళ్లు తెరిచేసరికి హన్మండ్లు ఆ కుప్ప ముందు తడి చేతులతో నిలబడి ఉన్నాడు.

"కాకా!"

మేనేజరు రాజేందర్ బండి స్టాండు వేస్తూ పిలిచాడు. ముప్పై ఏళ్ల పిల్లగాడు. చెడ్డవాడు కాదు, కానీ సేటు చెప్పింది సాయంత్రంలోపు కాకపోతే రాత్రి అన్నం తినలేడు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీశాడు.

"నిన్న జెప్పిన కాయితం గిదే. సంతకం బెట్టియ్యి కాకా. పొద్దుగూకే లోపల గావాలన్నడు సేటు."

"సదువుకుంట."

"ఏం సదువుతవ్? నాలుగు లైన్లే గదా."

"నాలుగే గద. జల్ది అయితది."

హన్మండ్లు అయిదో తరగతి దాకా చదివాడు. మెట్టు మీద కూర్చొని, అక్షరం కింద వేలు పెట్టుకుంటూ, పెదవులు కదిలిస్తూ చదివాడు. హన్మండ్లు అను నేను, షోరూం ముందరి అద్దపు తలుపును పగలగొట్టినాను. అందుకు అయిన నష్టం ఇరవై ఆరు వేల రూపాయలను నెలకు రెండు వేల చొప్పున నా జీతం నుండి పట్టుకొనుటకు నా పూర్తి ఇష్టముతో ఒప్పుకొనుచున్నాను. కింద గీత గీసి పెట్టారు. ఆ గీత చాలా పొడుగ్గా ఉంది, అతని పేరు కంటే.

వేలు వెనక్కి పోయి ఒక మాట దగ్గర ఆగింది.

"గిదేంది రాజేందరూ, పగలగొట్టినాను?"

"మరి?"

"నేను కొబ్బరికాయ కొట్టిన. అద్దం పల్గింది."

"రెండొక్కటే గద కాకా."

"ఎట్ల ఒక్కటైతది? మొన్న వానకాలం నీ బండి బస్టాండు కాడ కిందవడ్డది. పడ్డదా, నువ్వు వడగొట్టినవా?"

రాజేందర్‌కు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని లోపలికి చూశాడు. "నాతోని కాదు పంచాది. కెమెరాల అంతా ఉన్నది. నీ చెయ్యి కిందికొచ్చుడు, అద్దం కూలుడు. చిప్ప గిప్ప ఏం కనవడలే."

"కెమెరాకు చిన్నయి కనవడయి."

"గది సేటుకు జెప్పు" అని రాజేందర్ లోపలికి పోయాడు.

చిప్ప ఎగరడం చూసిన మనిషి ఒకరున్నారు. లోపల కంప్యూటరు ముందు కూర్చునే అంకిత. ఆ రోజు ఆమె "చిప్ప తాకింది సార్" అని ఒకసారి అంది. సేటు తిరిగి చూశాడు. అంతే, మళ్లీ అనలేదు. ఇవాళ నీళ్ల బాటిల్ నింపుకోవడానికి వచ్చి, నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున మెల్లగా అంది:

"ఏమనుకోకు తాతా. నాకు గీ నౌకరి గావాలె."

"నేనేమన్న అన్ననా బిడ్డా. పో, నీళ్లు పొంగుతున్నయ్."

పొద్దున బయల్దేరేటప్పుడు నాగవ్వ కూడా ఇదే అంది, వేరే మాటల్లో. నాగవ్వ అతని భార్య. తెల్లారకముందే చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఈ మధ్య దగ్గు వచ్చినప్పుడు ఆకు కత్తిరించే చెయ్యి ఆపి, దగ్గు పోయాక మళ్లీ అక్కడి నుంచే కత్తిరిస్తుంది. "పెట్టరాదు ఆ సంతకం. కట్ జేస్కుంటే జేస్కోని. మిగిలిందన్న వస్తది. గీ వయసుల నీకింకో నౌకరి ఎవలిస్తరు?" అంది. అతను చెప్పులు వేసుకున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని పొద్దంతా పని చేశాడు. డిచ్‌పల్లి నుంచి కొత్త ఇల్లు కట్టుకుంటున్న మొగుడూ పెళ్లాలు వచ్చారు. బాత్రూంకు నీలం కావాలని ఆమె, తెలుపు కావాలని అతను. పదకొండు రకాలు మోసి పరిచాడు. వంగినప్పుడల్లా జేబులో కాగితం చప్పుడు చేసింది.

కాగితం అతనికి కొత్త కాదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో బోధన్ అవతల ఒక రైస్ మిల్లులో పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం బెల్టు జారి, దాన్ని చూడ్డానికి పోయిన చేతిని గుంజుకుంది. రెండు వేళ్లు పోయాయి. దవాఖానలో మంచం దగ్గరికి మిల్లు గుమాస్తా యాపిల్ పండ్లు, ఒక కాగితం తెచ్చాడు. "ఏం లేదు, నువ్వీడ ఉన్నవని రాసుకునుడు గంతే" అన్నాడు. కుడిచెయ్యి కట్టులో ఉంది కనుక ఎడమ చేత్తో వంకర టింకరగా పేరు రాశాడు. ఏడాది తర్వాత నష్టపరిహారం అడగడానికి వకీలు దగ్గరికి పోతే, ఆ వకీలు కాగితం చదివి వినిపించాడు. నడుస్తున్న బెల్టులో నా చెయ్యి పెట్టినాను.

"పెట్టినానని నువ్వే రాసిచ్చినవ్ గదయ్యా. పడ్డదని రాస్తే వేరే ఉంటుండె" అన్నాడు వకీలు.

వకీలు ఇంటి నుంచి బయటికి వచ్చి హన్మండ్లు చాలాసేపు రోడ్డు మీద నిలబడ్డాడు. చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. ట్రాలీ మీంచి ఒక గడ జారి పడితే పక్కనున్న వాళ్లు అరిచారు, "అగో, చెరుకు పడ్డది". ఎవరూ డ్రైవరు పడేశాడు అనలేదు. ఆ తర్వాత ఇద్దరు బిడ్డల్ని పెంచిందీ, పెళ్లిళ్లు చేసిందీ ఎక్కువగా నాగవ్వ చుట్టిన బీడీలే. ఆమె ఎప్పుడూ ఆ కాగితం మాట ఎత్తలేదు. ఎత్తనందుకే అతనికి అది ఎప్పుడూ గుర్తుండేది.

మధ్యాహ్నం సద్ది తినకుండా రోడ్డు దాటి జిరాక్స్ దుకాణానికి పోయాడు. వినీత అని ఒక పిల్ల దాన్ని నడుపుతుంది. దుకాణం ఆమెది కాదు, ఓనరు ఇంకెవరో. షట్టరు కొక్కేనికి చీర కట్టి ఉయ్యాల వేసింది. అందులో ఎనిమిది నెలల పిల్ల. వినీత ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, చేతులతో కీబోర్డు మీద పని చేస్తుంది. మధ్య మధ్య లేచి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యిని తన మెడకు ఆనించుకుని, రెండింటి వేడినీ పోల్చుకుంటుంది.

"జరం తగ్గలేదా?"

"పొద్దున తగ్గింది తాతా, మల్లొచ్చింది. పాలు తాగుతలేదు. సాయంత్రం తీస్కపోవాలె దవాఖానకు. ఏం కొట్టాలె?"

"ఒక కాయితం రాసియ్యాలె బిడ్డా."

"చెప్పు, కొడ్త."

హన్మండ్లు నవ్వాడు. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు. "నువ్వు గూడ కొడుతున్నవా. నేను కొట్టినందుకే గీ తిప్పలు."

జరిగింది మొత్తం చెప్పాడు. వినీత సేటు కాగితం తీసుకుని చదివింది. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు ఆపేసిన పిల్ల. కానీ ఏళ్లుగా అందరి అర్జీలూ కొట్టి కొట్టి, ఏ మాట ఎవరి మీద పడుతుందో ఆమెకు తెలుసు.

"పూర్తి ఇష్టముతో అని పెట్టిండ్రు సూడు" అంది.

"గది సరే. ముందుగాల గా పగలగొట్టినాను తీసెయ్యి."

"తీసేసి ఏం బెట్టాలె?"

"పల్గింది."

"పగిలినది అని కొడ్తె సాలా? కాయితంల పల్గింది అంటే నవ్వుతరు."

"అర్థం అదే గద?"

"అదే తాతా. అద్దమే పల్గింది, నువ్వు గాదు."

కాలు ఊపుతూనే ఉంది. అక్షరాలు తెర మీద పడ్డాయి. అయ్యాక ఆమె పైకి చదివింది. "అమావాస్య నాడు సేటు గారు చూపించిన చోట, వారు చెప్పినట్టు కొబ్బరికాయ కొట్టినాను. చిప్ప ఎగిరి తగిలినందున అద్దం పగిలినది. నేను పగలగొట్టలేదు. కనుక నష్టం నా జీతం నుండి పట్టవద్దని మనవి."

హన్మండ్లు మళ్లీ ఒకసారి చదవమన్నాడు. రెండోసారి వింటున్నప్పుడు తల ఊపాడు. ఎడమ చేత్తో కాదు, కుడి చేతి మూడు వేళ్లతో పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరం దిద్ది, సంతకం పెట్టాడు.

వినీత కాగితాన్ని వెంటనే ఇవ్వలేదు. "ఇది ఇస్తె తీసేస్తడేమో తాతా. తీసేస్తే ఏం జేస్తవ్?"

అతను ఉయ్యాలలోకి చూశాడు. పిల్ల నోరు తెరిచి పడుకుని ఉంది. పెదవులు ఎండి ఉన్నాయి. "నువ్వు సాయంత్రం దాంక ఆగకు బిడ్డా. గిప్పుడే తీస్కపో" అన్నాడు.

"దుకాణం మూస్తే ఓనరు ఊకోడు."

"పిల్లకు జరం ఒచ్చిందను. నేను తెచ్చిన అనకు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత లేచి పిల్లను ఎత్తుకుని భుజాన వేసుకుంది. అతను రోడ్డు దాటి మెట్టెక్కి వెనక్కి చూసేసరికి జిరాక్స్ దుకాణం షట్టరు సగం దిగి ఉంది.

పరమేశ్వర్ సేటు ఆరింటికి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. వేళ్లకు మూడు ఉంగరాలుండేవి. ఈ తొమ్మిది రోజుల్లో ఇంకొకటి పెరిగింది. లోపలికి వచ్చేటప్పుడు ప్లైవుడ్ వైపు చూడకుండా కుడి రెక్క తోసుకుని వచ్చాడు. దేవుడి పటానికి దండం పెట్టి కుర్చీలో కూర్చుని చెయ్యి చాచాడు.

హన్మండ్లు రెండు కాగితాలూ ఇచ్చాడు. సంతకం లేనిది కింద, ఉన్నది పైన.

సేటు చదివాడు. "పగిలినది" అని పైకి అన్నాడు. "ఓహో. ఎవలు నేర్పిండ్రు నీకు గీ సదువు?"

"ఎవలు నేర్పలె సేటూ. అయింది అదే గద."

"పల్గింది అని రాస్తే పైసలు ఎవని కాడ వసూల్ జెయ్యాలె? అద్దం కాడనా?"

రాజేందర్ పళ్లు కనబడకుండా నవ్వాడు. అంకిత తల ఎత్తలేదు.

"మెట్టు మీద కొట్టుమన్నది మీరే. రోడ్డు మీద కొడ్తుంటి నేను."

"నేను కాయ కొట్టుమన్న. అద్దం కొట్టుమన్ననా?"

"నేను గూడ కాయనే కొట్టిన సేటూ."

సేటు కాగితాలు రెండూ బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "సూడు హన్మండ్లూ. నీ మీద నాకేం కోపం లేదు. సగం నేను బెట్టుకుంట. సగమే పట్టుకుంట నీ జీతంల. కని కాయితం మాత్రం గదే. మాట మార్చేది లేదు."

"సగమంటే, సగం నేను పలగ్గొట్టినట్టా?"

"నీకు అర్థం గాదా?" సేటు కుర్చీలోంచి లేచాడు. "అమావాస్య నాడు, దిష్టి తీస్తుంటే, నా గడప అద్దం దానంతలది పల్గితె దాన్ని ఏమంటరో ఎరికేనా నీకు? మా అమ్మ ఆ రోజు ఫోన్ల మొదలు అడిగిందే అది. పల్గిందా, ఎవలన్న పలగ్గొట్టిండ్రా అని. మా పనోడు పలగ్గొట్టిండు అన్న. గప్పుడు నిమ్మలమైంది. గా రోజు సంది రెండు ఆర్డర్లు వాపసు పోయినయ్. నా బిడ్డ మెట్ల మీంచి జారింది. మనిషి పలగ్గొడితే మనిషి తప్పు. లేకుంటే అది నా ఇంటి మీదికొస్తది."

సేటు ఆ కొత్త ఉంగరాన్ని తిప్పుకుంటూనే ఉండడం హన్మండ్లు చూశాడు. అతనిది పైసల బాధే అనుకున్నాడు ఇన్ని రోజులూ. మనిషి నిజంగా భయపడుతున్నాడు. ఒక్క నిమిషం జాలి కలిగింది. ఆ మాట ఒప్పుకుంటే ఈయన ఇంటికి పోయి నిద్రపోతాడు. నాగవ్వ కూడా నిద్రపోతుంది. ఒక్క మాట. పొడుగ్గా గీసి పెట్టిన గీత మీద మూడు అక్షరాలు. చెయ్యి జేబులోని పెన్ను దాకా పోయింది. మిగిలిన మూడు వేళ్లూ దాన్ని పట్టుకున్నాయి.

"మరి నా మీదికొస్తే సేటూ?" అన్నాడు.

"జీతం ఇస్తున్న గద" అన్నాడు సేటు.

హన్మండ్లు పెన్ను వదిలేశాడు.

"నాతోని గాదు సేటూ. నేను పలగ్గొడితే మొత్తం కడుతుంటి. బీడీలు చుట్టన్న కడుతుంటి. పల్గింది."

పైన ఫ్యాను తిరుగుతోంది. సేటు తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడు గొంతులో భయం లేదు, కోపం కూడా లేదు.

"అయితే రేపటి సంది రాకు."

"ఈ నెల పదిహేడు రోజుల పైసలు?"

"గవి అద్దంల జమ. డ్రెస్ అంగీ ఇచ్చి పో. అది షోరూంది."

రాజేందర్ గతుక్కుమన్నాడు. "రేపు తెచ్చిస్తడు సార్. పొద్దున ఇంటి కాడ్నుంచి అదే ఏస్కొని ఒస్తడు కాకా." సేటు ఫోను తీసి చూసుకుంటున్నాడు. వద్దనలేదు, సరే అనలేదు.

"రేపు రాను పోను బస్సు కిరాయి నువ్విస్తవా రాజేందరూ?" అన్నాడు హన్మండ్లు. గుండీలు పైనుంచి విప్పడం మొదలుపెట్టాడు. మూడు వేళ్లకు చిన్న గుండీలు అంత తేలిగ్గా దొరకవు. అతను తొందరపడలేదు. అంకిత కుర్చీ గోడవైపు తిప్పుకుంది. కింద బనియను నడుం దగ్గర మూడు చోట్ల చిరిగి ఉంది. ఛాతీ మీద వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. చొక్కా లేకపోతే అతను ఎంత సన్నగా ఉంటాడో వాళ్లెవరూ ఇంతకుముందు చూడలేదు.

చొక్కాను నాలుగు మడతలు వేసి, బయట తాను కూర్చునే స్టూలు మీద పెట్టాడు. సద్ది గిన్నె చేతికి తీసుకున్నాడు.

"వెనక రూం తాళం మీటర్ బోర్డు మీదున్నది. మోటరు బంద్ జేసుడు మర్వకు" అన్నాడు రాజేందర్‌తో.

భుజాల మీద తువ్వాల కప్పుకుని మెట్టు దిగాడు. బస్టాండు వైపు నడిచాడు. ముందు మెల్లగా నడిచాడు. పూల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు అతన్ని చూసి మాట ఆపినప్పుడు కొంచెం వేగం పెంచాడు. బోధన్ బస్సు ఎక్కేటప్పుడు కండక్టరు ఒకసారి పై నుంచి కిందికి చూసి, "ఏమైందే పెద్దమనిషీ, అంగీ ఏడవోయింది?" అన్నాడు. హన్మండ్లు కిటికీ పక్కన కూర్చుని, "పోయింది" అన్నాడు.

షోరూంలో లైట్లు ఆర్పి, షట్టరు దించే ముందు రాజేందర్ స్టూలును లోపలికి జరిపాడు. మడత జారి చొక్కా కాలరు తెరుచుకుంది. మెడ ఒరుసుకోకుండా లోపలివైపు నాగవ్వ పాత చీర అంచుతో ఒక పట్టీ వేసి ఉంది, ఆకుపచ్చది, చిలకలున్నది. దాని చుట్టూ చేతితో వేసిన సన్నని కుట్లు, ఒక్కటి కూడా వంకర పోకుండా.